అక్కడ మనవాళ్ళెవరున్నారు

పొద్దున్నే పేపరు పైకి చదవడం బావగారికున్న రోగం. కళ్ళజోళ్ళ షాపు షట్టరు ఎత్తీ ఎత్తగానే కుర్చీ బయటికి లాక్కుని కూచుంటాడు. వినేవాళ్ళున్నా లేకపోయినా మొదటి పేజీ నుంచి అందుకుంటాడు. "భూకంపంలో నాలుగు వేల మంది పోయారట. అయ్యో పాపం," అంటాడు. ఆ పాపం ఎంతసేపుంటుందయ్యా అంటే, పేజీ తిప్పేంతసేపు. తరవాత ఆటల పేజీ వస్తుంది. అక్కడ ఎవడో గెలవాల్సిన ఆట ఓడిపోయి ఉంటాడు, వాణ్ణి మాత్రం అరగంట తిట్టిపోస్తాడు. ఆయన్ని అని లాభం లేదు లెండి, మనం మాత్రం ఏం తక్కువ తిన్నాం. వెనక గదిలో కూచుని అద్దాలు సానబట్టే ఆయన బావమరిది కూడా నాలుగు వేల మంది పోయారని విన్న రోజున, "టీ వచ్చిందా బావా?" అనే అడిగాడు.

ఆ బావమరిదికి యాభై రెండేళ్ళు. ఇరవై ఏడేళ్ళుగా ఆ గది, ఆ సానచక్రం, ఆ నీళ్ళగిన్నె. పేరుతో పిలిచేది అక్క ఒక్కతే, అదీ కోపమొచ్చినప్పుడు. మిగతా బజారంతటికీ 'పావుపాయింట్'. అద్దం పవరులో పావు పాయింటు తేడా వచ్చినా పక్కన పడేసి మళ్ళీ మొదటికొస్తాడు. "ఎవడికి తెలుస్తుందిరా?" అని బావ నెత్తీ నోరూ కొట్టుకుంటే, "పెట్టుకున్నవాడికి తెలుస్తుంది," అంటాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదో అడిగీ అడిగీ అక్క నోరు నొప్పిపుట్టి ఊరుకుంది.

ఆ షాపుకి బయట ఊళ్ళనుంచి కూడా పని వస్తుంది. బస్సులో తొమ్మిది గంటలు పోతే నది ఒడ్డున ఒక ఊరు, అందులో ఒకే ఒక కంటాసుపత్రి. వారానికొక కవరు, కవరు నిండా చీటీలు. కుడికన్ను పవరు ఇంత, ఎడమకన్ను ఇంత, రెండు కనుపాపల మధ్య ఇన్ని మిల్లీమీటర్లు, ఫ్రేము ఫలానాది. అన్నిటికీ కింద 'గమనిక' అని మూడు వేళ్ళ పొడుగున ఒక గీత. దాని మీద ఎవరూ ఏమీ రాయరు. అతను అద్దాలు చేసి, పల్చటి కాగితంలో చుట్టి తిరుగు కవర్లో పంపుతాడు. అంతటితో సరి.

పదకొండేళ్ళ కిందట అతనొక తప్పు చేశాడు. కుడి అద్దం ఎడమకీ, ఎడమది కుడికీ వేశాడు. ఎందుకలా జరిగిందో ఇప్పటికీ తెలియదు. కళ్ళజోడు వెనక్కొచ్చింది. చీటీ కింద గీత మీద చిన్న చిన్న గుండ్రటి అక్షరాలున్నాయి. "ఈ తాతగారికి వాళ్ళింటి గుమ్మాలు రెండు కనిపిస్తున్నాయట. ఏ గుమ్మంలోంచి లోపలికెళ్ళాలో మీరే చెప్పండి." అతను మూడుసార్లు చదువుకున్నాడు. మూడోసారి పైకే నవ్వాడు. బావ కంగారుగా లోపలికొచ్చి, "ఏమైందిరా, ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు. అద్దాలు సరిచేసి, చుట్టే కాగితం మీద అతను పెన్సిలుతో రాశాడు, "కుడివైపు గుమ్మంలోంచి వెళ్ళమనండి. ఎడమది నా తప్పు."

అలా మొదలైంది. ఆవిడ 'అద్దాలాయనకి' అని రాసేది, అతను 'చీటీలావిడకి' అని రాసేవాడు. ఏముంటాయి అందులో? డాక్టరుగారి చిరాకు, వానలో జారిపడ్డ కాంపౌండరు, ఆవిడ మోకాలి నొప్పి, ఇతని మెడనొప్పి. ఒక ముసలావిడ కొత్త కళ్ళజోడు పెట్టుకుని మొగుణ్ణి తేరిపార చూసి, "ఈయనింత ముసలాడెప్పుడయ్యాడే?" అందట. ఆ ముక్క అతన్ని రెండు వారాలు నవ్వించింది. మూడు వేళ్ళ గీత మీద ఎంత పడుతుంది? అయినా కవరొచ్చే గురువారం కోసం మిగతా ఆరు రోజులూ గడిపేవాడు.

పేరు మాత్రం అడగలేదు. మొదట్లో అడిగితే తొందరనిపించింది. తరవాత తరవాత, ఇన్నేళ్ళయ్యాక ఇప్పుడేమని అడుగుతాం అనిపించింది. మధ్యలో అడగాల్సిన రోజొకటి ఉండే ఉంటుంది, అదెప్పుడు దాటిపోయిందో అతనికి తెలియలేదు. ఒకసారి ధైర్యం చేసి ఫోను చేశాడు. కాంపౌండరెవరో బొంగురుగొంతుతో "హలో" అనేసరికి దొంగలా పెట్టేశాడు.

నాలుగేళ్ళ కిందట ఒక చీటీ వచ్చింది. కుడి మైనస్ రెండుంపావు, ఎడమ మైనస్ రెండున్నర, మధ్య దూరం యాభై ఎనిమిది. గమనిక దగ్గర, "ఇది నాదే. ఎదురుగా వచ్చే మనిషి దగ్గరికొస్తేగానీ ఎవరో తెలియడం లేదు," అని ఉంది. ఆ జోడు అతను మూడు రోజులు చేశాడు. బావ కేకలేశాడు కూడా. తరవాతెప్పుడైనా పని లేనప్పుడు, తెల్లకాగితం మీద యాభై ఎనిమిది మిల్లీమీటర్ల ఎడంతో రెండు చుక్కలు పెట్టేవాడు. పెట్టి వాటిని చూస్తూ కూచునేవాడు. ఎవరైనా చూస్తే పిచ్చి ముదిరిందనుకుందురు. ఎవరూ చూడలేదు.

ఇదీ సంగతి. ఇక ఆ మంగళవారం.

"ఎగువన ఆనకట్ట తెగి ఊరు మునిగింది," బావ చదివాడు. ఊరి పేరు చదివాడు. "ముప్పై మంది దాకా పోయారట. అయ్యో పాపం." పేజీ తిప్పబోయాడు.

లోపల చక్రం ఆగింది. పావుపాయింట్ తడిచేతులతోనే గుమ్మంలోకి వచ్చాడు.

"బావా, అది మళ్ళీ చదువు."

"ఏది?"

"ఇందాక చదివావే, ఆ వరద సంగతి."

బావ కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి చూశాడు. "ఏరా, అక్కడ మనవాళ్ళెవరున్నారు?"

"ఎవరూ లేరు," అన్నాడు పావుపాయింట్. అబద్ధం కాదు. నిజమూ కాదు. లోపలికెళ్ళి చక్రం ముందు కూచున్నాడు గానీ తిప్పలేదు. ఆసుపత్రికి ఫోను చేశాడు. ఈసారి బొంగురుగొంతు వినపడితే కాళ్ళు పట్టుకునేవాడు, కానీ అసలు మోగనే లేదు.

మర్నాడు ముప్పై కాస్తా నూట పది అయింది. ఆ మర్నాడు రెండొందలు దాటింది. ఆ రెండొందల మందిలో ఆవిడ ఉండకూడదు, అంతే. మిగతావాళ్ళో? ఆ ఊళ్ళో సగంమంది ముక్కుల మీద ఉన్నవి అతను సానబట్టిన అద్దాలే. ఆ తాతగారు, మొగుణ్ణి చూసి హడలిపోయిన ముసలావిడ, అందరూ అక్కడివాళ్ళే. వాళ్ళెవరూ అతనికి గుర్తు రాలేదు. గుర్తు రాలేదని కూడా అతనికి తోచలేదు.

గురువారం కవరు రాలేదు. అక్క మధ్యాహ్నం క్యారియరు తెచ్చి, విప్పకుండా ఉన్న నిన్నటి క్యారియరు చూసింది. పేరు పెట్టి పిలిచింది.

"ఏం జరిగింది? నాతో చెప్పవా?"

చెప్పాడు. అక్క పక్కనే చతికిలబడి విన్నది. గుమ్మం దగ్గర నిలబడి బావ కూడా విన్నాడు.

"పదకొండేళ్ళా?" అన్నాడు బావ. "నా షాపులో, నా కవర్లలో? ముందే చెప్పి ఏడవచ్చుగా నాతో. ఒక ఆదివారం బస్సెక్కించేవాణ్ణి." కాసేపు తలగోక్కున్నాడు. "పాపం, మన చీటీలావిడకి ఎంత కష్టమొచ్చిందిరా," అన్నాడు. ఈసారి ఆ పాపం వేరేగా వినిపించింది. ఆ సాయంత్రం దాకా ఆయన తెలిసినవాళ్ళకీ తెలియనివాళ్ళకీ ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. ఆటల పేజీ మడత విప్పలేదు.

శుక్రవారం పొద్దున ఆయనే సంగతి మోసుకొచ్చాడు. ప్రభుత్వ కార్యాలయంలో విచారణ కేంద్రం పెట్టారట, అక్కడి శిబిరాలకి లైను కలిసిందట. "నేనూ వస్తాను పద," అన్నాడు. "వద్దు బావా," అన్నాడు పావుపాయింట్.

పెద్ద హాలు. పైన ఫ్యాన్లు, కింద బెంచీలు, గోడకి పోయినవాళ్ళ పేర్ల కాగితాలు. కాగితాల ముందు జనం ఒకరి భుజాల మీంచి ఒకరు మెడలు సాచి చూస్తున్నారు. వేలు పెట్టి పైనుంచి కిందికి లాగుతున్నారు. తమవాళ్ళ పేరు లేకపోతే వేలు తీసి ఊపిరి వదులుతున్నారు. పక్కవాడు కూలబడితే "అయ్యో" అని, మళ్ళీ కాగితంలోకి చూస్తున్నారు.

కౌంటర్లో నడివయసావిడ, రెండు రోజులుగా నిద్ర లేని మొహం. ఫారం ముందుకు తోసింది.

"తప్పిపోయినవాళ్ళ పేరు?"

"తెలియదండీ."

"వయసు?"

"తెలియదు. నలభై ఐదు, యాభై... కంటాసుపత్రిలో చీటీలు రాస్తారు."

"మీకేమవుతారు?"

అతను ఫారం వైపు చూశాడు. అన్న, చెల్లెలు, మేనమామ, వియ్యపురాలు, ఎన్ని లేవు మన భాషలో. ఏదీ అతనికి పనికిరాలేదు.

"పేరు తెలియదు, వయసు తెలియదు, ఏమవుతారో తెలియదు," అన్నది ఆవిడ. కోపంగా కాదు, అలిసిపోయి. "మరి తెలిసిందేమిటండీ?"

"కుడికన్ను మైనస్ రెండుంపావు," అన్నాడు అతను. "ఎడమకన్ను మైనస్ రెండున్నర."

ఆవిడ కలం ఆపి అతని మొహంలోకి చూసింది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వి, మళ్ళీ తమాయించుకున్నారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. 'పరిచయస్తులు' అని తనే రాసుకుంది. "కూర్చోండి, కంటాసుపత్రి అని చెప్పి కనుక్కుంటాను."

బెంచీ మీద పాతికేళ్ళ అమ్మాయి కాస్త జరిగి చోటిచ్చింది. రొట్టెల కార్ఖానాలో పని, రాత్రి డ్యూటీ దిగి తిన్నగా ఇక్కడికొచ్చినట్టుంది, మోచేతుల దాకా పిండి ఆరిపోయి తెల్లగా ఉంది.

"కంటాసుపత్రి అన్నారు కదా బాబాయ్, మా అమ్మ కూడా అక్కడే పని చేస్తుంది."

అతను గబుక్కున ఆమె వైపు తిరిగాడు. "చీటీలు రాస్తారా?"

"రాయడమా? మా అమ్మకి అక్షరం ముక్క రాదు. అక్కడ ఆయా. ఊడవడం, తుడవడం, వచ్చినవాళ్ళ కళ్ళల్లో మందు చుక్కలేసి కదలకుండా కూచోబెట్టడం. కదిలారా, డాక్టరుగారికన్నా ఎక్కువ తిడుతుంది." కొంచెం నవ్వింది. "చీటీలు రాసేది అక్కయ్యగారు. అమ్మకి ఆవిడంటే ప్రాణం. మీకు తెలుసా?"

"తెలుసు," అన్నాడు. తరవాత, "ఆవిడ పేరేమిటమ్మా?" అన్నాడు.

అమ్మాయి వింతగా చూసి, చెప్పింది. ఆ పేరు ఇక్కడ రాయక్కరలేదు, మనకెందుకు. పదకొండేళ్ళు ఆగి సంపాదించుకున్నాడు, అతన్నే ఉంచుకోనిద్దాం. నోట్లోనే రెండుసార్లు అనుకున్నాడు.

గంటసేపు కూచున్నారు. అమ్మాయి తన సీసాలో నీళ్ళిచ్చింది. వాళ్ళమ్మ సంగతులు చెప్పింది. కిందటేడు సూదిలో దారం ఎక్కడం లేదని కళ్ళజోడు చేయించుకుందట. ఎర్ర ఫ్రేమే కావాలని పట్టుబట్టిందట, ఈ వయసులో ఎరుపేమిటని నలుగురూ నవ్వినా వినలేదట. అతనికి ఆ జోడు గుర్తొచ్చింది. ప్లస్ రెండున్నర, ఎర్ర ఫ్రేము దొరక్క నాలుగు షాపులు తిరిగి విసుక్కున్నాడు.

"అది చేసింది నేనే," అన్నాడు.

"నిజంగానా బాబాయ్? అమ్మకి చెప్పాలి. ఎంత మురిసిపోతుందో." అంతలోనే మొహం మారింది. "ఆదివారం ఫోను చేసి ఒకసారి వచ్చి పోవే అంది. డ్యూటీలున్నాయమ్మా, వచ్చే నెల చూస్తాలే అన్నాను."

"వెళ్దువుగాని, వచ్చే నెల ఎందుకు, వచ్చే వారమే," అన్నాడు. ఆ పిల్ల మీద అతనికి నిజంగానే జాలేసింది. తన కూతురైతే ఇంతే ఉండేది అనిపించింది కూడా.

కౌంటర్లో ఆవిడ ఇద్దర్నీ చెయ్యూపి పిలిచింది.

"కంటాసుపత్రి కబురొచ్చింది. డాక్టరుగారూ కాంపౌండరూ ఆ రోజు వేరే ఊళ్ళో ఉన్నారు, క్షేమం. ఆసుపత్రిలో ఉన్నది ఇద్దరు ఆడవాళ్ళు." ఆగింది. "ఒకరు గుట్ట మీద బడిలో ఉన్నారు. ఒకరు లేరు. ఎవరు ఎవరో పేర్లు రాలేదు. అడిగాను, ఇప్పుడే చెబుతామన్నారు."

ఇద్దరూ వెనక్కొచ్చి బెంచీ మీద కూచున్నారు. మధ్యలో నీళ్ళసీసా ఉంది. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అమ్మాయి పెదాలు కదులుతున్నాయి, ఏదో మొక్కుకుంటోంది. ఆమె ఏం కోరుకుంటోందో అతనికి తెలుసు. తనేం కోరుకుంటున్నాడో ఆమెకీ తెలిసే ఉంటుంది. చేయి పట్టుకుని ధైర్యం చెప్పాల్సిన పెద్దవాడు, ఆ పిల్ల తల్లి చావాలని కూచుని కోరుకుంటున్నాడు. ఆ మాట అలా అనుకోలేదు. ఆవిడ బతకాలి, ఆవిడ బతకాలి అనే అనుకున్నాడు. రెండూ ఒకటే కదా.

ఫోను మోగింది. కౌంటర్లో ఆవిడ విని, రాసుకుని, పెట్టేసింది. ఈసారి పిలవలేదు, లేచి తనే వాళ్ళ దగ్గరికి నడిచొచ్చింది. అమ్మాయి ముందు ఒంగింది.

"మీ అమ్మగారికి మోచేతి కింద కాలిన మచ్చ ఉందా తల్లీ?"

"హమ్మయ్య," అన్నాడు అతను.

అనాలని అనలేదు. నాలుగు రోజులుగా గొంతులో అడ్డం పడి ఉన్నది జారి బయటికొచ్చింది. గట్టిగానే వచ్చింది. పక్క బెంచీవాళ్ళు కూడా తలతిప్పి చూశారు. కౌంటరావిడ కళ్ళు మూసుకుంది.

అమ్మాయి ఏడవలేదు. మెల్లిగా అతని వైపు తిరిగింది.

"మంచిదే కదండీ," అన్నది. "మీ మనిషి బతికుంది."

మీ మనిషి. పదకొండేళ్ళలో ఆ మాట ఎవరూ అనలేదు. ఎవరైనా అంటే వినాలని ఎన్ని గురువారాలు అనుకున్నాడో. ఇప్పుడు విన్నాడు. భూమి చీలితే అందులో దూరిపోయేవాడు.

"అమ్మా," అన్నాడు. అమ్మాయి మోచేతి మీది ఎండిన పిండిని గోటితో గీకుతూ కూచుంది.

కాసేపటికి కౌంటరావిడ పేరు పెట్టి పిలవలేక, "ఏమండీ, కళ్ళద్దాలాయనా," అని పిలిచింది. "బడికి లైను కలిసింది. ఆవిణ్ణి పిలుస్తున్నారు. రెండు నిమిషాలే, వెనక చాలామంది ఉన్నారు."

అతను రిసీవరు అందుకున్నాడు. అవతల ఏదో గోల, చిన్నపిల్లల ఏడుపు, ఎవరో ఎవరినో పిలవడం. తరవాత దగ్గరగా శ్వాస వినపడింది.

"ఎవరండీ?"

సన్నటి గొంతు. కొంచెం జీర. ఇన్నేళ్ళూ అతను ఊహించుకున్న గొంతు కాదది, అంతకన్నా బాగుంది. చెప్పాల్సినవి పదకొండేళ్ళవి ఉన్నాయి. నేనండీ, అద్దాలాయన్ని, అంటే చాలు.

"ఎవరండీ? వినపడుతోందా?"

బెంచీ మీద ఆ పిల్ల ఒక్కతే కూచునుంది. వాళ్ళమ్మ చివరి రోజున పక్కనున్న మనిషి ఈ లోకంలో ఒక్కరే మిగిలారు. ఆ ఒక్కరూ ఇప్పుడు అతని చేతిలో ఉన్నారు.

"ఆయాగారి అమ్మాయి ఇక్కడుందండీ," అన్నాడు. "మీతో మాట్లాడుతుంది."

తీగ బెంచీ దాకా రాదు. వెళ్ళి అమ్మాయి చెయ్యి పట్టుకుని లేపాడు. ఆమె విదిలించుకోలేదు, అలాగని అతని వైపు చూడనూ లేదు. రిసీవరు చెవికి పెట్టుకుంది.

"అక్కయ్యా," అన్నది, అప్పుడొచ్చింది ఏడుపు. అవతల కూడా ఏడుపే. రెండు అడుగుల దూరంలో నిలబడి అతను ఆ గొంతు విన్నాడు. మాటలు తెలియడం లేదు, గొంతు మాత్రం తెలుస్తోంది. అద్దాలాయన కోసం కాదు, ఎర్ర కళ్ళజోడు ఆయా కోసం ఏడుస్తోంది ఆవిడ. అతనికీ అప్పుడే ఆ ఆయా కనిపించింది. తిట్టి, తల పట్టుకుని, కంట్లో చుక్కలేసే మనిషి. కళ్ళు తుడుచుకున్నాడు.

"ఊఁ... ఊఁ..." అంటోంది అమ్మాయి. "నీళ్ళు ఎన్నింటికొచ్చాయి? ... ఊఁ. మధ్యాహ్నం తిన్నదా అక్కయ్యా? అమ్మ భోంచేసిందా ఆ రోజు?"

అవతలనుంచి చాలాసేపు మాటలు వచ్చాయి. అమ్మాయి తలూపుతూ వింది. ఉన్నట్టుండి ఆగి, "అక్కయ్యా, అక్కయ్యా," అన్నది. రిసీవరు దించి కౌంటరావిడకిచ్చింది. లైను పోయింది. వెనక నిలబడ్డ పెద్దాయన అప్పటికే ముందుకొచ్చి తన కొడుకు పేరు చెబుతున్నాడు.

అమ్మాయి అటూ ఇటూ చూసింది. ఆ హాల్లో ఆమె ఎరిగిన మొహం అతనిదొక్కటే.

"తిన్నదట బాబాయ్," అన్నది. "ఇద్దరూ కలిసే కూచున్నారట. మళ్ళీ పెట్టించుకుని తిన్నదట."